బాత్రూమ్ కౌన్సిలర్ గారి తోడికోడలు

"పేరు నీది, పని నాది. నువ్వు సంతకాలు పెడితే చాలు" అన్నారు బావగారు.

ఆయన ఆ మాట అన్నప్పుడు నేను ఇస్త్రీ చేస్తున్నాను. అన్నదమ్ములిద్దరి చొక్కాలు, పిల్లల యూనిఫారాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. అక్క ఇస్త్రీ చేస్తే కాలరు దగ్గర ముడత మిగిలిపోతుందని ఇంట్లో పెద్ద ఫిర్యాదు. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు, మా బావగారి భార్య. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నాకు ఆవిడ అక్కే. ఆ సమయానికి కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. బావగారూ మా ఆయనా కలిసి రంగుల దుకాణం నడిపేవారు గానీ, బావగారి మనసు ఏనాడూ రంగు డబ్బాల మీద లేదు. ఏళ్ళ తరబడి పార్టీ ఆఫీసు చుట్టూ తిరిగారు. నాయకుల కార్లకు తలుపులు తీశారు, వాళ్ళ ప్రహరీ గోడలకు ఉత్తపుణ్యానికి రంగులు వేయించారు. అలా మా వార్డు కౌన్సిలర్ సీటును దాదాపు చేతిలోకి తెచ్చుకున్నాక, ఆ ఏడాది అది కాస్తా ఆడవాళ్ళకు కేటాయించారు. కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చి అన్న మాటే పైన చెప్పింది.

అక్క తల ఎత్తి, కళ్ళనీళ్ళు మోచేత్తో తుడుచుకుని "సరే" అంది. "ఎవరి పేరైతే ఏముంది, ఇంటి పేరు ఒకటేగా" అని అత్తగారు అక్కడితో తేల్చేశారు. ఆ నీళ్ళు ఉల్లిపాయల వల్లేనా అని నాకు అనుమానం ఉండిపోయింది. చాలా కాలం తర్వాత అడిగితే "ఉల్లిపాయల వల్లే. కాకపోతే భయం కూడా వేసిందిలే" అని నవ్వింది.

పోస్టర్లలో బావగారి ముఖం తలుపంత, అక్క ముఖం తపాలా బిళ్ళంత. ఓట్లు వేసినవాళ్ళలో సగం మంది ఆయన్నే గెలిపిస్తున్నామనుకున్నారు. గెలిచాక ముందుగదిలో పెద్ద కుర్చీ వేయించుకుని ఆయనే కూర్చునేవారు. వచ్చినవాళ్ళు "కౌన్సిలర్ గారూ" అంటే ఆయనే పలికేవారు. అక్క టీలు తెచ్చి ఇచ్చేది. ఎప్పుడైనా ఎవరైనా "ఈవిడే కదండీ..." అని నసిగితే, బావగారు నవ్వి "ఆవిడ సంతకం, నా బుర్ర" అనేవారు. అందరూ నవ్వేవారు. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. కప్పులు తీసుకుని వెనక్కి తిరిగేలోగా ఆరిపోయే నవ్వు.

కానీ ఆడవాళ్ళు ముందుగదికి వచ్చేవారు కాదు. పెద్ద కుర్చీ ముందు నిలబడి, పరాయి మగవాడితో ఏం చెప్పుకుంటారు? దొడ్డిదారిన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేవారు. మురుగు కాలవ పొంగి పొయ్యి దగ్గరికి వచ్చేసిందనీ, సందులో దీపం లేక కూతుర్ని ట్యూషన్ మాన్పించామనీ, మొగుడు తాగొచ్చి కొడితే స్టేషనులో ఎవరూ ఫిర్యాదు తీసుకోవడం లేదనీ. అక్క వంట చేస్తూనే వినేది. అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయేది. నేను వెళ్ళి గరిట అందుకునేదాన్ని. మేము మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటేమీ కాదు అది. ఆవిడ కత్తి ఆగితే నా గరిట కదిలేది. మా ఊళ్ళో అసలైన కౌన్సిలర్ ఆఫీసు ఆ వంటిల్లేనని నాకొక్కదానికే తెలుసు.

కౌన్సిల్ సమావేశాలకు బావగారే వెంట వెళ్ళేవారు. ఒకసారి రంగుల కంపెనీ వాళ్ళ మీటింగు ఉండి వేరే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. "తోడుగా నువ్వెళ్ళు. ఎక్కడ చెయ్యెత్తాలో కాగితం మీద రాసిచ్చాను, గుర్తుచెయ్యి" అని నాకు అప్పగించారు. నేను ల్యాబుకు సెలవు పెట్టి వెళ్ళాను. అప్పట్లో నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. చంటిపిల్లల చేతికి నరం దొరక్క మిగతావాళ్ళు తంటాలు పడుతుంటే, డాక్టరమ్మ నన్నే పిలిచేది. నా చేతికి అంత పేరుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన సంగతని ఎవరికీ అనిపించలేదు.

కౌన్సిల్ హాలు పెద్దది. నేను గోడ వారగా, చూడ్డానికి వచ్చినవాళ్ళ బెంచీ మీద కూర్చున్నాను. ఆడ సభ్యులందరూ చివరి వరసలో ఉన్నారు. వాళ్ళ భర్తలో కొడుకులో నా పక్కనే కూర్చుని అక్కణ్ణుంచి సైగలు చేస్తున్నారు. మధ్యాహ్నం దాటింది. చర్చ ఏదో రోడ్డు కాంట్రాక్టు చుట్టూ తిరుగుతూనే ఉంది. అక్క లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో "పొద్దున్నుంచీ నీళ్ళు కూడా తాగలేదే, అయినా ఆగట్లేదు" అంది. ఇద్దరం వరండా అంతా తిరిగాం. ఒక బాత్రూము ఉంది, మగవాళ్ళది. ఇంకొకటి ఛైర్మన్ గారిది, తాళం వేసి ఉంది. అటెండరుని అడిగితే "ఆడవాళ్ళకి లేదమ్మా, మేడమ్‌లందరూ ఇంటికెళ్ళిపోతారు" అన్నాడు. అంటే సగం సమావేశంలోనే లేచి వెళ్ళిపోతారన్నమాట. ఓటింగులన్నీ సాయంత్రం పూటే ఎందుకు పెడతారో నాకప్పుడు అర్థమైంది.

అక్క లోపలికి వెళ్ళింది. వెళ్ళి కూర్చోలేదు.

"అధ్యక్షా, నేను బాత్రూముకి వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి."

ముందు ఎవరికీ సరిగ్గా వినపడలేదు. మైకు దగ్గరికి లాక్కుని మళ్ళీ అదే మాట, అంతే నిదానంగా చెప్పింది. హాలంతా నవ్వు. నా పక్కన కూర్చున్న ఒకాయన తల పట్టుకున్నాడు. ఛైర్మన్ "మీరు కూర్చోండమ్మా" అన్నారు.

"కూర్చోలేనండి. కూర్చుంటే ఇంకా కష్టం."

మళ్ళీ నవ్వు, ఈసారి బల్లలు చరుస్తూ. ఛైర్మన్ ముఖం చిట్లించారు. "ఇది సభ. ఇలాంటివి ఇంట్లో మాట్లాడుకోవాలి."

"మా ఇంట్లో బాత్రూము ఉందండి. అందుకే ఇంట్లో మాట్లాడే అవసరం రాలేదు."

నవ్వు టక్కున ఆగింది. అక్క చేతులు బల్లకు ఆనించుకుని నిలబడి ఉంది. గొంతు వణకలేదు. ఇంట్లో "ఉప్పు సరిపోయిందా" అని అడిగే గొంతే అది. చివరి వరసలో ఒక ముసలావిడ మెల్లగా లేచింది. ఆవిడ కొడుకు బెంచీ మీంచి "అమ్మా, కూర్చో" అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఇంకొకామె లేచింది. చూస్తుండగానే ఆ వరస మొత్తం నిలబడింది. నేను సభ్యురాలిని కాదు, నాకక్కడ ఏ హక్కూ లేదు, అయినా నాకు తెలియకుండానే నేనూ నిలబడి ఉన్నాను. బావగారు రాసిచ్చిన కాగితం నా చేతిలో చెమటకు తడిసి ముద్దయింది. ఛైర్మన్ సభ ఆపి తన బాత్రూము తాళం తీయించారు. అంతసేపు ఉగ్గబట్టుకున్న మనిషి, తలుపు తెరిచాక "ముందు పెద్దావిడని వెళ్ళనివ్వండి" అని పక్కకు జరిగింది. అందరి కన్నా చివర వెళ్ళింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషిని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పేపర్లో వేళాకోళంగా రాశారు. బాత్రూమ్ కౌన్సిలర్ అనే పేరు అప్పుడు పడిందే. ఊరి నుంచి వచ్చిన బావగారు ఆ పేపరు నేలకేసి కొట్టి, "పరువు తీశావు! రేపు దుకాణంలో నేను తలెలా ఎత్తుకోవాలి?" అని అరిచారు. అక్క ఏదో అనబోయేంతలో అత్తగారి గొంతు వినిపించింది. "నేను బస్సెక్కాలంటే ముందు రోజు నుంచే నీళ్ళు మానేసేదాన్ని. మీ నాన్న ప్రతి ఊళ్ళోనూ దిగి వెళ్ళొచ్చేవారు. నీకు అవసరమా అని ఒక్కనాడూ అడగలేదు. ఎందుకురా అరుస్తావు, నిజమేగా అది చెప్పింది?" కోడలి తరఫున ఆవిడ మాట్లాడటం మేమెవ్వరం ఎరగం. బావగారు వంగి ఆ పేపరు తీసి మడిచారు. మర్నాడు పొద్దున అక్క వంటిల్లు నాకు వదిలేసి, తల దువ్వుకుని, ముందుగదిలోకి వెళ్ళి "ఏమండీ, మీకు దుకాణానికి ఆలస్యమవుతోంది" అంది. ఆయన లేచారు. అక్క ఆ కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్ళు ఆ రోజు నుంచి వీధి గుమ్మంలోంచే వచ్చారు.

కౌన్సిల్లో బాత్రూము కట్టారు. తర్వాత మార్కెట్లో, బస్టాండులో, ఆడపిల్లల బడిలో. వెక్కిరింతగా పెట్టిన పేరు ముద్దుపేరైపోయింది. మళ్ళీ ఎన్నికలకు కూరగాయలమ్మే ఆడవాళ్ళు తామే గోడల మీద రాశారు, "మా బాత్రూమ్ అమ్మకే మా ఓటు" అని. ఆ లోపు మా ఊరు కార్పొరేషన్ కూడా అయింది, ఈసారి అక్క మేయరైంది.

నా ఉద్యోగం పోయింది అప్పుడే. ఎవరో తీసేశారని కాదు. ఒక రోజు అందరం భోజనాలు చేస్తుండగా మా ఆయన అన్నారు, "ఇద్దరూ బయటికెళ్తే ఇల్లెవరు చూస్తారు? వదినంటే మేయరు. నువ్వు మానేస్తే పోయేదేముంది, సూదులు గుచ్చే పనేగా." బావగారు తలూపారు. అత్తగారు "పిల్లలు బడి నుంచొచ్చే వేళకి మనిషుండాలి" అన్నారు. నేను అక్క వైపు చూశాను. ఊరి మొత్తం మీద ఎక్కడ ఏ ఆడదానికి అన్యాయం జరిగినా గొంతెత్తే మనిషి కదా, ఇప్పుడూ ఎత్తుతుందనుకున్నాను. అక్క తల దించుకుని కంచంలో అన్నం కలుపుతూనే ఉంది. కలపడానికి ఏమీ మిగల్లేదు, అయినా కలుపుతూనే ఉంది. నెలాఖరుకు నేను ల్యాబు మానేశాను. డాక్టరమ్మ "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంటే, "చూస్తానండీ" అన్నాను.

అక్కడి నుంచి రెండు కాపురాల వంట, నలుగురు పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, పొద్దున లేస్తే గుమ్మం ముందు జనం, వాళ్ళకు టీలు, అక్క బట్టల ఇస్త్రీ, అక్క బీపీ మాత్రలు. "అదృష్టవంతురాలివి, మేయరు గారింట్లో ఉంటున్నావు" అనేవారు మా ఆయన. ఆయన ఉన్నదీ ఆ ఇంట్లోనే. ఒకసారి టీవీ వాళ్ళొచ్చి అక్కని అడిగారు, "ఇల్లూ ఊరూ రెండూ ఎలా చక్కబెడుతున్నారు మేడమ్?" అక్క నవ్వి "అంతా కుటుంబ సహకారం" అంది. సరిగ్గా అప్పుడే కుటుంబ సహకారం టీ ట్రేతో లోపలికి వచ్చింది. కెమెరా అతను "అమ్మా, ఫ్రేములోకి వస్తున్నావు, కాస్త పక్కకి" అన్నాడు. నేను పక్కకి జరిగాను.

కోపం రాలేదా అంటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అక్క ఏదో ఒకటి చేసి, ఆ కోపాన్ని మధ్యలోనే మర్చిపోయేలా చేసేది. మార్కెట్ స్థలంలో పెద్ద భవనం కట్టుకుంటామని ఎవరో వచ్చారు. పార్టీ పెద్దలు స్వయంగా ఇంటికొచ్చి సంతకం పెట్టమన్నారు. అక్క పెట్టలేదు. "నా సంతకం కోసమే కదండీ నన్ను నిలబెట్టారు. దానికి విలువుందని ఇప్పుడే తెలిసింది నాక్కూడా" అంది. తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇవ్వలేదు. ఒంటరిగా నిలబడి ఓడిపోయింది. ఫలితాలొచ్చిన మర్నాడు ఇంట్లో ఎవరూ మంచం దిగలేదు. నేను లేచి ముందుగదిలోకి వెళ్ళేసరికి అక్క వీధి తలుపులు బార్లా తెరిచి, అదే కుర్చీలో కూర్చుని ఉంది. "ఎవరొస్తారక్కా ఇవాళ?" అన్నాను. "ఎవరూ రాకపోతే పేపరు చదువుకుంటాను" అంది. పేపరు మడత విప్పకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఏ పదవీ లేని ఆ ఏళ్ళలో వచ్చినంత జనం మేయరుగా ఉన్నప్పుడు కూడా రాలేదు. నాకూ టీలు పెట్టడం తప్పలేదు.

అందుకే పార్లమెంటు ఎన్నికలొచ్చేసరికి, గెంటేసిన పార్టీ వాళ్ళే మళ్ళీ మా మెట్లెక్కారు. వాళ్ళు నోరు తెరవకముందే బావగారు గొంతు సవరించుకున్నారు. "ఇది జనరల్ సీటు. ఆడవాళ్ళకు కేటాయించింది కాదు. ఈసారి నేనే నిలబడతాను."

నా చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. అక్క ఆయన వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా ఆయన మంచి కోరుతున్నట్టే అంది. "నిలబడండి. నేనూ నిలబడతాను. జనానికి ఎవరు కావాలో వాళ్ళే చెబుతారు." బావగారు చాలాసేపు గోడ వైపు చూశారు. చివరికి, "రంగు పోస్టర్లు వేయిద్దామా, మామూలువా?" అని అడిగారు. ఆ పోస్టర్లలో అక్క ముఖం ఒక్కటే ఉంది.

ఎంపీగా గెలిచాక రాజధానిలో అక్కకిచ్చిన క్వార్టరులో గదులు ఎక్కువ, సామాను తక్కువ. మాట్లాడితే గోడలు తిరిగి పలికేవి. మొదటి ప్రసంగం రోజు మేమందరం సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. కింద ఎంత పెద్ద సభ అది! అంతమంది మధ్య అక్క బొత్తామంత కనిపించింది. ఆవిడ పేరు పిలిచారు. అక్క లేచింది.

"అధ్యక్షా, జనాభా లెక్కలవాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు నా తోడికోడలు పేరు పక్కన 'పని లేదు' అని రాసుకుని వెళ్ళారు. వాళ్ళకు టీ పెట్టింది ఆవిడే. నేను ఊరి పనులు చూస్తుంటే మా ఇంటి పనంతా ఆవిడ చేసింది. జీతం లేదు, సెలవు లేదు. నేను ఇక్కడ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే, ఎక్కడో ఒకావిడ నా బదులు గిన్నెలు తోముతోందని అర్థం. మీలో ప్రతి ఒక్కరికీ అలాంటి మనిషి ఒకరున్నారు. ఆ మనిషి ఈ దేశపు లెక్కల్లో లేదు. నా తోడికోడలు ఇవాళ పైన కూర్చుని ఉంది."

సభంతా తలెత్తి చూసింది. సమయం అయిపోయిందని గంట మోగుతున్నా అక్క చెప్పాల్సింది చెప్పి, వినయంగా కూర్చుంది. బల్లల చప్పుడు పైకప్పు దాకా వచ్చింది. అత్తగారు నా చేయి గట్టిగా పట్టుకున్నారు. మా ఆయన పక్క వరసలో ఎవరికో "మా ఆవిడే, మా ఆవిడే" అని చెప్పుకుంటున్నారు. నాకు కళ్ళ ముందు ఏమీ కనిపించలేదు. ఒక మనిషి ఇంత ఎత్తుకు ఎదిగి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అదొక అద్భుతం. ఈ రోజుకీ అద్భుతమే.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో కాఫీ కలుపుతుంటే అక్క వచ్చి గట్టు మీద కూర్చుంది. "ఇక్కడ వంటకి ఎవర్ని పెట్టినా నాకు నమ్మకం కుదరదే. రాత్రి అందరం మాట్లాడుకున్నాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, సమావేశాలు జరిగినన్నాళ్ళు నువ్విక్కడే ఉండిపో. నీకూ మార్పుగా ఉంటుంది."

రాత్రి అందరూ మాట్లాడుకున్నప్పుడు నేను ఇదే గట్టు దగ్గర కప్పులు కడుగుతున్నాను. ఆ చప్పుడులో నా గురించి నిర్ణయం అయిపోయింది. అక్క కళ్ళలోకి చూశాను. కపటం లేదు. నిన్న సభలో చెప్పిన ప్రతి మాటా నిజంగానే అంది. ఇవాళ ఇదీ నిజంగానే అంటోంది. ఈ రెండూ ఒకే మనిషి నోట్లో పక్కపక్కనే ఇమిడిపోయాయి, ఒకదానికొకటి తగలకుండా. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత గొప్ప మనిషికి ఇంత దగ్గర్లో ఉన్నది కనిపించలేదా అనుకున్నాను. ఆ వెంటనే, నేనెప్పుడైనా కనిపించేలా నిలబడ్డానా అని కూడా అనుకున్నాను. కత్తి ఆగినప్పుడల్లా గరిట అందుకుంటూ వచ్చాను. అది ప్రేమతోనే చేశాను, కాదనను. కానీ ప్రేమని చూసి దాన్ని నా ఉద్యోగం అనుకున్నారు, నా ఉద్యోగాన్ని చూసి సూదులు గుచ్చడం అనుకున్నారు.

"నేను ఉండనక్కా" అన్నాను.

"ఎందుకే? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. నిన్న దేశమంతటికీ నా గురించి చెప్పావు. నన్ను మాత్రం అడగలేదు. నేను మళ్ళీ ల్యాబులో చేరతాను. చెయ్యి అలవాటు తప్పింది, మొదట్లో కష్టమే. డాక్టరమ్మ తీసుకోకపోతే ఇంకో చోట అడుగుతాను. ఇంటి సంగతి, ఈ క్వార్టర్ సంగతి అందరం కలిసి చూసుకోవాలి. మీ ఆయనా, మా ఆయనా కూడా."

అక్క గట్టు దిగింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆ రోజు భోజనాల దగ్గర నేను మాట్లాడాల్సింది" అంది చివరికి.

"అవునక్కా. మాట్లాడాల్సింది."

ఫర్వాలేదులే అని అనలేదు నేను. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేశాను. అక్క తలూపింది. తడిసిన కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "పద, వాళ్ళకి నేను చెబుతాను. నా మాట ఎవరూ కాదనరు" అంది.

"వద్దు. నేనే చెబుతాను."

హాల్లో అత్తగారూ, అన్నదమ్ములిద్దరూ టీవీ ముందు ఉన్నారు. అక్క నిన్నటి ప్రసంగమే మళ్ళీ వేస్తున్నారు. "జీతం లేదు, సెలవు లేదు" అంటోంది అక్క, తెర మీద. బావగారు చప్పుడు ఇంకా పెంచారు. మా ఆయన నన్ను చూసి "రా రా, నీ గురించే చెప్తోంది. కాఫీ ఏదీ?" అన్నారు.

"మీ అందరితో ఒక మాట చెప్పాలి. ఆ టీవీ కట్టేయండి" అన్నాను.

"ఉండవే, ఇప్పుడే నువ్వు కనిపిస్తావు" అన్నారు మా ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

నా వెనక నుంచి అక్క ముందుకొచ్చింది. గది దాటి వెళ్ళి, మాట మధ్యలో ఉన్న తన గొంతుని తనే కట్టేసింది. ఆ తర్వాత గోడకానుకుని నిలబడి, నా వైపు చూసింది.